ఎదురెదురు అద్దాలు

మూడ్రోజులు మా రేవులో పడవలు ఆగనేదు.
కలింగపట్నం లైటుహౌసు కాడ బస్సు దిగి
మెడలో తాల్లకి పేర్లు కట్టుకుని
రెండొందల మంది దీపాలదిబ్బకి దాటేసినారు.
ఎలుగు మీద మీటింగంట.
ఎలుగు మీద మీటింగుకి
జనరేటరు నరసన్నపేట నుంచి తెచ్చినారు.

దిబ్బ మీద ఏటుందని?
సగం కూలిన ఇటికల గుండ్రం,
ఏరు కోసుకుపోగా మిగిలిన మెట్లు పదకొండు,
జీడితోట, మేకలు.
ఎనకటి సన్నాసులు ఓడలోల్ల కోసం
రాత్రల్లా దీపాలెట్టీవోరని మా అయ్య సెప్పీవోడు.
ఇటికలకి ఒక పక్క ఇప్పటికీ మసుంటాది.
మసి కాదు, నాచు అన్నాడు తవ్వకాల ఆఫీసరు.
నాను వాదించనేదు.

నాది రేవు గట్టు మీద సెలూను.
రెండు కుర్సీలు, ఒకటి ఇరిగింది.
రెండద్దాలు, ఎదురెదురు.

రెండోరోజు పొద్దున్నే ఒకాయన వొచ్చి కూకున్నాడు,
బెందాలం లోకనాథం గారు, తాడు మీద అలాగే ఉంది.
గెడ్డం నురగలో ఉండగా అద్దంలోకి సూసి
"ఎన్ని కనిపిస్తన్నాయి?" అన్నాడు.
"ఏటి బాబూ?"
"నా తలకాయలు."
లెక్కెట్టినాను. పందొమ్మిది దాకా తేలినాయి.
ఆ ఎనకాలవన్నీ పచ్చగా, మసగ్గా,
ఏటి అడుగున రాల్లలాగ.
ముప్పయ్యొక్క ఏల్లుగా ఆ అద్దాల మద్దినే నిలబడ్డాను,
ఆ పచ్చదనం నాకెప్పుడూ అవుపడనేదు.

కత్తి గొంతు మీదుండగా
పెదాలు కదిలీ కదలకుండా సెప్పినాడు:
ఎలుగు అటు తగిలి ఇటు, ఇటు తగిలి అటు,
తిరిగినప్పుడల్లా కూసింత గాజులో ఉండిపోతాది.
అద్దాలు బాగా దగ్గరగా, బాగా నున్నగా పెట్టి
మద్దిన తగిన సరుకు పెడితే
ఎలుగేదో వస్తువేదో ఇడదీయలేని ఒకటి పుడతాదంట.
సగం ఎలుగు, సగం బరువు.
"దాని కోసమే ఈల్లందరూ వొచ్చినారు" అని నవ్వినాడు.
తెగింది. చిన్న గాటే.
పటిక రాసినాను.

మూడోరోజు గార బడిపిల్లలొస్తన్నారు, సూపించాలి,
ఆల్ల అద్దాలు గోరంతేనంట, పెట్టి దాటి రావంట.
నా అద్దాలు అడిగినారు.

పడవలో గోనె పరిచి, మద్దిన తడిసంచి పెట్టి
జొరమొచ్చిన మనిషిని పట్టుకున్నట్టు పట్టుకున్నాను.
పెద్దద్దం మా అయ్య కొన్నది.
కింద మూల కలాయి ఊడిపోయింది.
ఆకరిసారి ఆయనకి నానే గీసినాను, ఆ కుర్సీలోనే.
ఆ రోజు ఆయన తన మొకం సూసుకోనేదు.
అద్దంలోంచి నన్నే సూసినాడు.

వంసధార నడిమికొచ్చీసరికి అడిగేసినాను:
"బాబూ, ఉండిపోయిన ఎలుగు ఏటవుతాది?"
ఇంజను మోతలో ఇనపడనేదేమో అనుకున్నాను.
సానాసేపటికి, "ఏడి. ఏడైపోతాది" అన్నాడు.
"మొకాలు?"
"మొకాలుండవు."
అబద్దం ఆడొచ్చు. ఆడనేదు.
ఆ మనిషి మీద గురి కుదిరింది.

ఇటికలకి ఆనించి నిలబెట్టినారు రెండిటినీ.
సాంబ్రాణి పొగేసి టార్చి కొడితే
పొగలో ఎలుగు నులకమంచం అల్లినట్టు అల్లుకుంది.
నూకాలని ఒక పిల్ల
మద్దిన తల దూర్చి అరిసింది:
"సార్, ఆ ఆకరిది ఎవులు?"
తెల్లాయనకి అర్థం కానేదు.
ముగ్గురు మూడు రకాలుగా సెప్పినారు.
ఇంక ఆల్లల్లో ఆల్లు పట్టుకున్నారు మాట,
సేతులూపుతూ, ఇసకలో గీతలు గీస్తూ.
పిల్లలు జీడిపల్లకి ఎల్లిపోనారు.

రసీదు ఇచ్చినారు.
పరికరాల అద్దె, మూడొందలు.

సాయంత్రం మల్లీ తగిలించినాను మేకులకి.
కలాయి ఊడిన మూల అరిసెయ్యి ఆనించినాను.
ఏడిగా ఉంది.
పడమటి కిటికీ ఎండ రోజూ అక్కడే పడతాది,
నాకు తెలవక కాదు.
ఎనకాల ఎవులో "కటింగా, గెడ్డమా, ఖాలీయేనా?" అన్నారు.
"రెండు నిమిసాలు కూకో" అన్నాను,
సెయ్యి తియ్యకుండా.